బావగారి చేతిలో నా చెయ్యి, నేను చూడని క్యాచ్

జూన్ 11, గురువారం

ఇది 2009 నాటి సంగతి. ఈమధ్య ఇల్లు మారుతుంటే ఒక అట్టపెట్టె అడుగున అప్పటి డైరీ దొరికింది. ఊరెళ్ళినప్పుడు తప్ప డైరీ రాసే అలవాటు నాకు లేదు, రాసినా బస్సు టైములూ ఖర్చులే. అందులో జూన్ 12 పేజీలో మాత్రం "గెలిచాం. నేను చూడలేదు." అని ఉంది, అంతే. డబ్బులు పెట్టి బేస్‌బాల్ మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని, కిక్కిరిసిన స్టేడియంలో కూర్చుని, చూడకపోవడమేమిటో మా ఆవిడకి అర్థం కాలేదు. ఆమెకి చెబుతుంటే మిగతాదంతా వరసగా గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నా.

అప్పుడు నేను కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులో ఉన్నాను. హార్ట్‌ఫర్డ్ అటు బోస్టన్‌కీ ఇటు న్యూయార్క్‌కీ మధ్యలో పడుతుంది, కాబట్టి ఆఫీసులో సగం మంది బోస్టన్ జట్టు రెడ్ సాక్స్, సగం మంది న్యూయార్క్ జట్టు యాంకీస్. నేను యాంకీస్. 2003లో అమెరికా వచ్చిన కొత్తలో జెర్సీ సిటీలో మా నెల్లూరు రూమ్మేట్ రాత్రిళ్ళు అదే పెట్టేవాడు, ఇంట్లో ఉన్నది ఒకటే టీవీ, అలా అంటుకుంది. మతం పుట్టుకతో వచ్చినట్టు టీమ్ అద్దె ఇంటితో వచ్చింది.

మా అక్కావాళ్ళు ఉండేది న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని ఫ్లషింగ్. బావగారు న్యూయార్క్‌లోని ఇంకో జట్టు, మెట్స్ మనిషి. యాంకీస్ బ్రాంక్స్‌లో, మెట్స్ క్వీన్స్‌లో, ఊరు ఒకటే, మెట్రో టికెట్ ఒకటే. ఆ వారాంతం యాంకీ స్టేడియంలో రెండు జట్లకీ మూడు మ్యాచ్‌లు, శుక్రవారం మ్యాచ్‌కి బావగారే రెండు టికెట్లు కొని "రారా, నీ ఇంట్లోనే నిన్ను ఓడిస్తాం, చూద్దువుగాని" అని ఫోన్ చేశారు.

మూడు గంటల్లో చేర్చాల్సిన బస్సు నాలుగున్నర తీసుకుంది. ఏసీ లేదు, డ్రైవర్ రెండుసార్లు దారి తప్పాడు. సరే, వదిలేద్దాం. టైమ్స్ స్క్వేర్‌లో 7 నంబరు రైలెక్కాక ప్రాణం లేచొచ్చింది. ఆ రైలు క్వీన్స్‌లోకి రాగానే భూమిలోంచి పైకి లేచి ఇళ్ళ మేడల పక్కనుంచి వెళుతుంది, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, చివరి స్టేషన్‌కి ఒకటి ముందు మెట్స్ వాళ్ళ కొత్త స్టేడియం సిటీ ఫీల్డ్. అది ఆ ఏప్రిల్‌లోనే తెరిచారు. పక్కనే పాత షియా స్టేడియం ఉన్న చోటు చదునైపోయి పార్కింగ్ అయింది. విచిత్రం ఏమిటంటే యాంకీస్ కూడా అదే ఏప్రిల్‌లో కొత్త స్టేడియంలోకి మారారు. ఊరంతా ఉద్యోగాలు ఊడుతున్న ఏడాదిలో ఒకే ఊళ్ళో రెండు గృహప్రవేశాలు.

రాత్రి భోజనాల దగ్గర బావగారు తన పాత గాయాలన్నీ విప్పి చూపించారు. 2000లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, యాంకీస్ చేతిలో 4-1 తేడాతో పోవడం. 2006లో ఆఖరి బంతికి మెట్స్ బ్యాటర్ బెల్ట్రాన్ బ్యాట్ కదపకుండా నిలబడిపోవడం. 2007లో సీజన్ చివరి రోజున ఓడి ఇంటికి, 2008లో మళ్ళీ చివరి రోజున, మళ్ళీ అదే ఫ్లోరిడా జట్టు చేతిలో ఓడి ఇంటికి. అసలు మెట్స్ పుట్టిందే వదిలిపోయినవాళ్ళ జ్ఞాపకంతో. 1957 తర్వాత న్యూయార్క్ జట్లు డాడ్జర్స్, జెయింట్స్ రెండూ కాలిఫోర్నియాకి వెళ్ళిపోతే, 1962లో ఈ జట్టు పెట్టి ఒకరి నీలం రంగూ ఇంకొకరి నారింజ రంగూ తీసుకున్నారు. "రెండు పార్టీల కండువాలు కలిపి కుట్టుకున్న జెండా మాది, మీలాగా డబ్బు పార్టీ కాదు" అన్నారు బావగారు. పందెం కూడా వేసుకున్నాం. ఓడినవాళ్ళు శనివారం గుడి క్యాంటీన్‌లో అందరికీ దోసెలు పెట్టించాలి. అక్క విని "గెలిచినవాళ్ళు గిన్నెలు తోమండి" అంది.

జూన్ 12, శుక్రవారం

పొద్దున్నుంచీ సన్నగా మబ్బు. ఆ జూన్ అంతా న్యూయార్క్‌లో వానలే.

మధ్యాహ్నం టీ20 వరల్డ్ కప్, లార్డ్స్‌లో ఇండియా, వెస్టిండీస్. కిందటి నెలలోనే దక్కన్ చార్జర్స్ ఐపీఎల్ గెలిచిన ఊపులో ఉన్నాం మేమిద్దరం. ముందు ఏడాది అట్టడుగున ఉన్న మన హైదరాబాద్ జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తింది కదా, ఇంక ఏదైనా జరుగుతుందనిపించేది. యువరాజ్ 67 కొట్టాడు, అయినా 153 దగ్గర ఆగిపోయాం. బ్రావో నాలుగు వికెట్లు తీసి, తర్వాత బ్యాటుతో 66 కొట్టి నాటౌట్‌గా నిలబడి ఏడు వికెట్ల తేడాతో గెలిపించుకుపోయాడు. బావగారు లాప్‌టాప్ మూసి "ఇవాళ్టి ఓటమి కోటా అయిపోయింది, ఇక సాయంత్రం మనదే" అన్నారు. ఆ 'మన'లో నేను లేను.

అక్క జిప్‌లాక్ కవర్లో పులిహోర కట్టింది, శుక్రవారం బావగారు బయట ఏదీ తినరు. 7 రైలులో గ్రాండ్ సెంట్రల్, అక్కణ్ణుంచి 4 నంబరు రైలులో బ్రాంక్స్‌కి. గ్రాండ్ సెంట్రల్‌లో చూడాలి ఆ జనాన్ని, ఒక మెట్టు మీద నీలం-నారింజ, ఇంకో మెట్టు మీద యాంకీస్ గీతల చొక్కాలు, ఒకరినొకరు తిట్టుకుంటూనే తలుపు మూసుకుపోకుండా ఒకరికొకరు కాలు అడ్డం పెట్టుకుంటున్నారు. రైలు 161వ వీధి దగ్గర పైకి రాగానే రోడ్డుకి ఇటు 1923 నాటి పాత స్టేడియం, ఖాళీగా, సగం ఊడదీసిన పెళ్ళిపందిరిలా, అటు కొత్తది. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ ఆడిన చోటు అది. నాకు కాస్త బాధేసింది. బావగారికి ఏమీ వెయ్యలేదు.

మా సీట్లు పై అంతస్తులో, బంతి వేరుశనగ గింజంత. కింద ముందు వరసల్లో వేల డాలర్ల సీట్లు చాలా ఖాళీ, టీవీలో బాగోదని ఏప్రిల్‌లోనే రేట్లు తగ్గించినా నిండేవి కావు. మొదటి ఇన్నింగ్స్‌లో రైట్ ఫీల్డ్ వెనక కూర్చునే వీరాభిమానులు ఒక్కొక్క యాంకీ ఆటగాడి పేరూ అరుస్తారు, అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపేదాకా వదలరు. గుళ్ళో గోత్రనామాలు చదివించినట్టు ఉంటుంది. నేనూ అరిచాను. బావగారు పులిహోర కవర్ విప్పారు. పక్కన ఉన్న ఐరిష్ తాతగారు వాసన పట్టి అదేమిటని అడిగి రెండు ముద్దలు తిన్నారు, ఆయనా మెట్సే, దాంతో నేను ఆ వరసలో ఒంటరినయ్యాను.

మ్యాచ్ సంగతి. బేస్‌బాల్‌లో మూడు బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్‌కి, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు, మూడు అవుట్లకి ఒక జట్టు వంతు అయిపోతుంది, అలా తొమ్మిది ఇన్నింగ్స్. మాకు బంతి వేసే జోబా చేంబర్లేన్ కుదురుగా వెయ్యలేక, మనిషి తర్వాత మనిషికి ఉచితంగా బేస్ ఇచ్చుకుంటూ నాలుగు ఇన్నింగ్స్‌కే వెళ్ళిపోయాడు. మెట్స్ తరఫున గ్యారీ షెఫీల్డ్ బంతిని గోడ దాటించి హోమ్‌రన్ కొట్టాడు. ఒకప్పుడు మావాడే! కోడలు పుట్టింటివాళ్ళ ఎదుటే అత్తింటిని పొగిడినట్టుంది. తర్వాత మా మాట్సూయి ముగ్గురిని ఇంటికి చేర్చే హోమ్‌రన్ కొట్టాడు, 7-6తో మేం ముందుకి. కొత్త స్టేడియంలో రైట్ ఫీల్డ్ వైపు బంతి ఊరికే గోడ దాటేస్తోందని అప్పటికే పేపర్లన్నీ రాస్తున్నాయి, బావగారు కూడా "ఇది హోమ్‌రనా, మా ఫ్లషింగ్‌లో అయితే క్యాచ్" అన్నారు. క్యాచ్ అన్న మాట ఆ రాత్రి మొదట వాడింది ఆయనే, అది గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ సమం చేశారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా మరియానో రివేరాని దింపారు. రివేరా అంటే మాకు తాళం కప్ప లాంటివాడు, ఒకే రకం బంతి వేస్తాడు, అందరికీ తెలుసు, ఎవరూ కొట్టలేరు. మెట్స్ డేవిడ్ రైట్ కొట్టాడు. రెండు అవుట్లయ్యాక డబుల్, అంటే ఒకే దెబ్బకి రెండో బేస్ దాకా, బెల్ట్రాన్ పరుగెత్తుకుంటూ ఇంటికి, మెట్స్ 8, మేం 7. అంతమంది మనుషులున్న చోట ఎవరో వేరుశనగ తొక్క నలిపిన చప్పుడు నాకు వినపడింది. బావగారు మాత్రం గట్టిగా అరవలేదు. ఆయనకి అరవాలంటే భయం, మెట్స్ వాళ్ళందరికీ ఉంటుంది ఆ భయం.

తొమ్మిదో ఇన్నింగ్స్ మా వంతు. వేసేది ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్. 2008లో వేరే జట్టుకి ఒకే సీజన్‌లో ఆఖర్లో దిగి 62 మ్యాచ్‌లు చెయ్యిజారకుండా కాపాడి రికార్డు పెట్టినవాణ్ణి, 2007, 2008 చివరి రోజులు మళ్ళీ రాకూడదనే మెట్స్ మూడేళ్ళకి 37 మిలియన్ డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. ఆ ఏడాది అతని చేతికొచ్చిన మ్యాచ్ అప్పటిదాకా ఒక్కటీ జారలేదు.

మొదటివాడు అవుట్. మా జీటర్ సింగిల్ కొట్టి, ఆనక బంతి వేస్తుండగానే పరుగెత్తి రెండో బేస్ దొంగిలించాడు. డామన్ బంతి తగల్చలేక స్ట్రయికౌట్. రెండు అవుట్లు. అప్పుడు మార్క్ టెషేరాని కావాలనే నడిపించి ఫస్ట్ బేస్ ఇచ్చేసి, మా అలెక్స్ రోడ్రిగెజ్‌ని ఎంచుకున్నారు. అంటే "వీడితో వద్దు, వాడైతే ఫరవాలేదు" అని అందరి ఎదుటా చెప్పడమే. ఆ ఫిబ్రవరిలోనే అలెక్స్ స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు, మార్చిలో తుంటికి ఆపరేషన్, మేలో వచ్చాడు. మా జనమే అతన్ని సగం రోజులు తిట్టేవాళ్ళు. నాకు గుండె గొంతులోకొచ్చింది, టెన్షన్‌కి టోపీ అంచు కొరుకుతున్నా, ఆ పంటి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి దానికి.

మూడు బాల్స్, ఒక స్ట్రయిక్. కొట్టాడు. బంతి దూరం పోలేదు, పైకి పోయింది. రెండో బేస్ వెనక, తాటిచెట్టంత ఎత్తున. అతనే కోపంగా బ్యాట్ నేలకేసి కొట్టాడు. కింద మెట్స్ లూయిస్ కాస్టియో, మంచి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ మూడుసార్లు అందుకున్న సెకండ్ బేస్‌మన్. వీధి పిల్లలు పట్టే బంతి. నేను చూడటం మానేశాను.

బావగారు లేచి చెయ్యి చాపారు. "మంచి మ్యాచ్‌రా" అన్నారు. నేనూ లేచి చెయ్యి కలిపాను, ఓడినవాడు మొహం చాటేసుకుంటే బాగోదని ఆయన మొహంలోకే చూశాను. నవ్వుతున్నారు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను ఆయన్ని, అంత నిశ్చింతగా నవ్వడం నేను ఎరగను. ఆ నవ్వు పోలేదు. కళ్ళు మాత్రం మారాయి. నోరు నవ్వుతూనే ఉంది, కళ్ళు ఎక్కడో కింద ఏదో వెతుక్కుంటున్నట్టు అయ్యాయి, చేతిలో నా చెయ్యి బిగిసింది. ఆ తర్వాత వచ్చింది చప్పుడు. చెవులకి కాదు, కాళ్ళ కింద సిమెంటుకి తెలిసింది ముందు.

నేను తిరిగేసరికి జీటర్ ఎప్పుడో ఇంటికి చేరిపోయాడు, టెషేరా హోమ్ ప్లేట్ మీదికి దూసుకొస్తున్నాడు. 9-8. ఐరిష్ తాతగారు పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు.

గంతులేశానా? వేశాను, అబద్ధం చెప్పను. ఎవరో తెలియని లావుపాటి మనిషి నన్ను ఎత్తేశాడు. కానీ ఒక చెయ్యి ఇంకా బావగారి చేతిలోనే ఉంది, గట్టిగా పట్టుకున్నారు, విడిపించుకోవడం ఎలాగో నాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో 4 రైలు తిరునాళ్ళు, 7 రైలు శవయాత్ర. ఫ్లషింగ్ దాకా బావగారు ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు తీసిన అక్క "ఎవరు గెలిచార్రా?" అంది. ఇద్దరం చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాం. "సరే, చారు వేడిచేస్తా" అని లోపలికెళ్ళింది.

ఆయన పడుకున్నాక టీవీ గొంతు తగ్గించి ఆ క్యాచ్ చూశాను. కాస్టియో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ఒంటి చెయ్యి చాపాడు, బంతి గ్లవ్‌లో పడి బయటికొచ్చింది. ఆరుసార్లు చూశాను. నాది కానట్టే ఉంది.

జూన్ 13, శనివారం

పొద్దున్నే బౌన్ స్ట్రీట్‌లో గణపతి గుడికి. 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి, అమెరికాలో మనవాళ్ళ పాత గుళ్ళలో ఒకటి. చైనీస్ షాపులూ కొరియన్ చర్చిలూ దాటుకుని నాలుగు వీధులు తిరిగితే ఒక్కసారిగా గోపురం కనిపిస్తుంది. అక్క ప్రదక్షిణలకి వెళ్ళింది. బావగారు వినాయకుడి ఎదుట నిలబడి చెవులు పట్టుకుని గుంజీళ్ళు మొదలుపెట్టారు. ఇరవై ఒకటి అయినా ఆపరే.

"ఎందుకు బావగారూ అన్ని?"

"నిన్న ముందే నవ్వాను కదరా" అన్నారు, ఆయాసపడుతూ.

కింద క్యాంటీన్‌లో దోసెలు ఆయనే పెట్టించారు, మాట తప్పే మనిషి కాదు. కాగితం పళ్ళేల్లో, కర్రలాగా కరకరలాడే దోసె, పొట్టి గ్లాసులో కాఫీ. నేను మ్యాచ్ ఊసు ఎత్తకూడదనుకున్నా. ఆయనే ఎత్తారు.

"అది కాదురా, టెషేరా ఎందుకు పరుగెత్తాడు?"

నిజమే, రాత్రంతా నాకూ అదే. రెండు అవుట్లున్నప్పుడు బంతి తగలగానే బేస్‌ల మీద ఉన్నవాళ్ళు పరుగెత్తాలి, చిన్నపిల్లలకి నేర్పే పాఠం అది, ఎందుకంటే క్యాచ్ పడితే ఎలాగూ ఇన్నింగ్స్ అయిపోతుంది, పోయేదేమీ లేదు. కానీ అలాంటి తేలిక క్యాచ్‌కి చాలామంది మొక్కుబడిగా జాగింగ్ చేస్తారు. జీటర్ సెకండ్ బేస్ మీద ఉన్నాడు, వాడు వస్తే సమం అయ్యేది, అంతే. టెషేరా ఫస్ట్ బేస్ నుంచి మొత్తం మూడు బేస్‌ల దూరం ఒక్క బిగిన పరుగెత్తాడు, పట్టుకుంటాడని తెలిసి కూడా. కాస్టియో బంతి ఏరుకుని కంగారులో సెకండ్ బేస్‌కి విసిరాడు, ఇంటికి విసరలేదు. కాబట్టి క్యాచ్ జారడం వల్ల వాళ్ళు గెలవలేకపోయారు, టెషేరా వల్ల ఓడిపోయారు. నా దృష్టిలో ఇవి రెండూ వేరు. జనం మాత్రం కాస్టియోనే తిట్టారు. ఇదే మాట అంటే అక్క సాంబారు పోసుకుంటూ "అతనికి జీతం ఎంత?" అంది. నాలుగేళ్ళకి పాతిక మిలియన్లు అని చెప్పాను. "రెండు చేతులకీ కలిపా?" అంది. బావగారు ఆ క్యాచ్ తర్వాత మొదటిసారి నవ్వారు.

మధ్యాహ్నం నుంచి టీవీ ముందు. కాస్టియో ఆ రోజు కూడా ఆడాడు, యాంకీస్ జనం వెటకారంగా చప్పట్లు కొట్టారు. నాకు నచ్చలేదది. మ్యాచ్ అయ్యాక విలేకరుల ముందు నిలబడి తప్పు నాదేనని ఒప్పుకున్న మనిషి. మెట్స్ 6-2తో గెలిచారు. బావగారు ఆఖరి అవుట్ అయ్యేదాకా సోఫాలో వెనక్కి ఆనలేదు, నవ్వలేదు, అయ్యాక కూడా రీప్లే చూసి నిర్ధారించుకున్నారు.

జూన్ 14, ఆదివారం

చెప్పడానికి పెద్దగా లేదు. టీవీలో యాంకీస్, లాప్‌టాప్‌లో ఇండియా-ఇంగ్లండ్, రెండూ ఒకే సమయంలో. మెట్స్‌కి జోహాన్ శాంటానా, వాళ్ళ మహారాజు, మూడు ఇన్నింగ్స్‌లోనే తొమ్మిది పరుగులిచ్చాడు. మేం 15, వాళ్ళు సున్నా. అంత పెద్ద గెలుపులో రుచి ఉండదని అప్పుడే తెలిసింది, పండగ మర్నాడు మిగిలిన బూరెల్లాగా. బావగారు కూడా బాధపడలేదు, టీవీ గొంతు తీసేసి లాప్‌టాప్ వైపు జరిగారు. అక్కడ జడేజా ముందొచ్చి 35 బంతుల్లో 25 చేశాడు, ఇద్దరం కలిసి తిట్టాం, ఆఖరికి మూడంటే మూడు పరుగుల తేడాతో పోయింది, వరల్డ్ కప్ నుంచి అవుట్. ఆ సోఫాలో ఇద్దరం ఒకే జట్టు అయింది ఆ మూడు రోజుల్లో అప్పుడొక్కసారే.

సాయంత్రం మెయిన్ స్ట్రీట్ స్టేషన్ దాకా దిగబెట్టడానికి వచ్చారు. అక్క ఇచ్చిన గోంగూర సీసా బ్యాగులో నిలువుగా ఉందో లేదో నాలుగుసార్లు చూశారు. రైలు వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆయనా చాపబోయి, ఆగి, చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"హార్ట్‌ఫర్డ్‌లో దిగాక ఫోన్ చెయ్యి, అప్పుడు చూద్దాం" అన్నారు.